దొనకొండకు అటూ ఇటూ

గుంటూరు–గుంతకల్లు రైలు మార్గంలో వినుకొండ వైపు నుంచి వస్తుంటే దొనకొండకు ముందు కురిచేడు తగులుతుంది. దొనకొండ దాటి ఇంకా పడమరకు పోతే మార్కాపురం రోడ్డు. ప్యాసింజరు ఎక్కినవాళ్లకు ఈ మూడూ ఒకే పూటలో దాటిపోయే స్టేషన్లు. అటూ ఇటూ ఉన్న ఆ రెండు ఊళ్ల పేర్లూ ఐదేళ్ల ఎడంతో తెలుగువాళ్ల ఫోన్ల నిండా తిరిగాయి. 2020 జులై ఆఖరున కురిచేడు, 2025 సెప్టెంబరులో మార్కాపురం. ఆరోగ్యం పేరున ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం ఉన్నట్టుండి జనం మీద పడిన సందర్భాలివి. మొదటిదాన్ని ఎక్కువమంది వెక్కిరించారు. రెండోదానికి రగిలిపోయారు.

ఫేస్‌బుక్ గోడ మీదా వాట్సాప్ గ్రూపులోనూ జనం రాసేదాన్ని మనం గాలికి పోయే మాటగా తీసేస్తాం. కథనూ కవితనూ విప్పి చూసే శ్రద్ధలో కొంతైనా వీటికి ఇవ్వాలని నా అభిప్రాయం. ఎందుకంటే ఈ ప్రాంతంలో మనిషి ప్రాణానికి సాటివాళ్లు కట్టే విలువ ఇప్పుడు అక్కడే నమోదవుతోంది. ఎవరి గురించి రాశారు, ఏ గొంతుతో రాశారు, ఎన్నాళ్లు రాశారు, ఎవరిని వదిలేశారు అన్నవి అడిగితే చాలా తెలుస్తుంది.

ముందు కురిచేడు. 2020 మార్చి 24 రాత్రి దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు మద్యం దుకాణాలూ మూతపడ్డాయి. అంతకు ముందే, 2019 అక్టోబరు 1 నుంచి, మన రాష్ట్రంలో దుకాణాలు ప్రభుత్వం చేతికొచ్చాయి. మే 4న మళ్లీ తలుపులు తీసేటప్పుడు ధర 25 శాతం, మర్నాడే ఇంకో 50 శాతం పెంచారు. దుకాణాల సంఖ్య తగ్గిస్తూ పోయారు. మందు అందకుండా చేస్తే తాగడం మానతారన్నది ప్రభుత్వం చెప్పిన లెక్క. జులైలో కురిచేడులో కరోనా కేసులు పెరగడంతో ఊరికి ఊరే కట్టడిలోకి వెళ్లింది, ఉన్న దుకాణమూ మూసేశారు. గుడి దగ్గర అడుక్కునేవాళ్లు, కూలికి పోయేవాళ్లు శానిటైజర్‌లో నీళ్లో కూల్‌డ్రింకో కలుపుకుని తాగడం మొదలుపెట్టారు. కొన్ని రోజులపాటు అది అలాగే నడిచింది. నెలాఖరున ఒకరి తర్వాత ఒకరుగా పదిమందికి పైగా చనిపోయారు.

తాగుడుకు అలవాటుపడిన ఒంటికి మందు ఒక్కసారిగా ఆగిపోతే ఏమవుతుందో వైద్యులకు కొత్త సంగతి కాదు. కొన్ని గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు మతి చెదిరి, లేనివి కనిపించి, లేని మాటలు వినిపించే స్థితి వస్తుంది. చికిత్స లేకపోతే అది ప్రాణం తీయగలదు. అంటే కురిచేడులో శానిటైజర్ సీసా మూత తిప్పిన మనిషి జబ్బుతో ఉన్న మనిషి. దుకాణం మూసే ఉత్తర్వు రాసినవాళ్లు ఆ జబ్బుకు మందెక్కడుందో రాయలేదు.

ఇప్పుడు ఆ రోజుల్లో నడిచిన రాతలను గుర్తు చేసుకుంటాను. అవి మూడు రకాలు. ఒకటి నవ్వు: శానిటైజర్ మీద జోకులు, సినిమా బొమ్మల మీద అతికించిన మాటలు. ఇంకొకటి తీర్పు: తాగుబోతు చస్తే ఊరికి మంచిదే అన్న ధోరణి. మూడోది పార్టీ మాట: ధరలు పెంచిన ప్రభుత్వం వల్లే పోయారని ఒక పక్షం, తాగుడు మానిపించాలని చూస్తుంటే రాజకీయం చేస్తున్నారని ఇంకో పక్షం. మూడో రకంలోనైనా చనిపోయినవాళ్ల కోసం చోటు దొరుకుతుందేమోనని చూస్తే, అక్కడా వాళ్లు వాదనకు పనికొచ్చే అంకెగానే నిలబడ్డారు. మొదట తొమ్మిది, తర్వాత పది, ఆపైన ఇంకా. మా ఊరివాళ్లు అని రాసినవాళ్లు నాకు కనిపించలేదు. పోయినవాళ్లలో ఎక్కువమంది చేతుల్లో ఫోన్లు ఉండి ఉండవు. వాళ్ల తరఫున రాసేందుకు అమెరికాలో బంధువులు గానీ, బెంగుళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు గానీ ఉన్నట్టు కనిపించలేదు.

అదే వారంలో పంజాబ్‌లో, అమృత్‌సర్, తరన్ తారన్, బటాలా ప్రాంతాల్లో, కల్తీ సారాకు వందమందికి పైగా చనిపోయారు. దేశం కళ్లు అటు తిరిగాయి. మూడు నాలుగు రోజుల్లోనే కురిచేడు పాతబడింది. దర్యాప్తు బృందం హైదరాబాదులో అనుమతుల్లేకుండా శానిటైజర్ తయారు చేసినవాళ్ల దాకా వెళ్లింది. సెప్టెంబరు మొదట్లో చవక రకం మద్యం ధరలను ప్రభుత్వమే తగ్గించింది. జనం శానిటైజర్ లాంటివాటికి ఎగబడుతున్నారన్నది అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. చావుల తర్వాత విధానం సవరించారంటే అది చిన్న ఒప్పుకోలు కాదు. ఆ ఒప్పుకోలు గురించి రాసినవాళ్లు జోకులు రాసినవాళ్లలో పదో వంతు కూడా ఉన్నట్టు కనిపించలేదు.

కేరళను ఇక్కడ కురిచేడు పక్కన పెట్టి చూడాలి. లాక్‌డౌన్ మొదటి వారంలోనే అక్కడ మందు దొరక్క కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. మార్చి 30న ఆ ప్రభుత్వం, డాక్టరు చీటీ ఉంటే కొద్దిపాటి మద్యం ఇవ్వవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. మద్యం మందు కాదు, మేం రాయం అని వైద్యుల సంఘాలు ఎదురు తిరిగాయి. ఏప్రిల్ 2న కేరళ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. ఉత్తర్వు తప్పే కావచ్చు, వైద్యుల అభ్యంతరంలో బలముంది. కానీ ఆ గొడవంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది: ఈ మనిషికి ఏం చికిత్స చేయాలి? తాగేవాడు రోగి అన్న మాట వాదన మొదట్లోనే అందరూ ఒప్పుకున్నారు. నాలుగు నెలల తర్వాత కురిచేడు దగ్గర మన రాతలు ఆ మెట్టు దాకా కూడా ఎక్కలేదు.

ఇక పడమటి వైపు. మార్కాపురం దగ్గర రాయవరంలో ప్రభుత్వ వైద్య కళాశాల కడతామన్న మాట 2019 తర్వాత వచ్చింది. రాష్ట్రంలో 17 కొత్త కళాశాలలు, ఒక్కోదానికి 150 సీట్లన్నది ప్రణాళిక. 2021 మే 31న మార్కాపురంతో సహా 14 కళాశాలలకు అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ఒకేసారి శంకుస్థాపన చేశారు. 2023 సెప్టెంబరులో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో తరగతులు మొదలయ్యాయి. మార్కాపురం తర్వాతి ఏడాది వరుసలో ఉండగానే ప్రభుత్వం మారింది. 2025 సెప్టెంబరులో చంద్రబాబు నాయుడు మంత్రివర్గం పది కళాశాలలను ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యంలోకి, అందరూ అంటున్నట్టు పీపీపీలోకి, ఇచ్చేందుకు ఆమోదం తెలిపింది. మొదటి విడతలో ఆదోని, మదనపల్లె, పులివెందులతోపాటు మార్కాపురమూ ఉంది.

ఆ వారం ఫోన్లు ఎలా ఉన్నాయో ఈ ప్రాంతంలో ఎవరినడిగినా చెప్తారు. సగంలో ఆగిన పిల్లర్ల వీడియోలు, డ్రోన్‌తో పైనుంచి తీసినవి, వెనకాల విషాద సంగీతం. నీట్ రాసే పిల్లలున్న తల్లిదండ్రుల కోపం. ప్రభుత్వ పక్షం నుంచి జవాబుగా పునాదులు దాటని చోట్ల ఫొటోలు, ఖర్చుపెట్టిన సొమ్ము లెక్కలు, ఆస్తి ప్రభుత్వానిదే ఉంటుందన్న హామీ, త్వరగా పూర్తవుతుందన్న మాట. తర్వాతి నెలల్లో వైఎస్సార్ కాంగ్రెస్ కోటి సంతకాలంటూ ఊరూరా తిరిగింది. డిసెంబరులో వాటిని గవర్నరుకు అందజేసింది. కురిచేడు గొడవ వారం నిలవలేదు. మార్కాపురం గొడవ నెలలు నడిచింది.

ఈ కోపం అబద్ధమని నేననను. పడమటి ప్రకాశంలో డాక్టరు కావాలనుకున్న పిల్ల గుంటూరుకో విజయవాడకో పోయి కోచింగుకు లక్షలు పోసి, ఆ పైన సీటు కోసం కన్నీళ్లు పెట్టుకుని ఇంటికొచ్చిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఈ నేలకు ఆశపడి భంగపడటం కొత్త కూడా కాదు. 2014లో రాజధాని దొనకొండలోనే అన్న పుకారు ఎంత దూరం పోయిందో గుర్తుందా? రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది, ప్రభుత్వ భూములున్నాయి, రైలుంది అని లెక్కలు కట్టారు. ఎకరాల ధరలు పైకి లేచాయి. రాజధాని కృష్ణ ఒడ్డుకు పోయింది. ఇంత జరిగిన చోట రాయవరంలో పిల్లర్లు లేస్తుంటే మనసు అక్కడికి పరుగెత్తక ఏం చేస్తుంది?

అందుకే రెండు స్పందనల్లో నేను చూసే మొదటి తేడా గొంతులో ఉంది. మార్కాపురం రాతలన్నీ మన అన్న మాటతో మొదలయ్యాయి: మన కాలేజీ, మన పిల్లలు, మన సీట్లు. కురిచేడు రాతల్లో వాళ్లు మాత్రమే ఉన్నారు. కురిచేడు కూడా మన రైలు లైను మీదిదే, మన కరువుదే. అయినా కట్టడం మనదైంది, శవం మనది కాలేదు. రెండో తేడా కాలానిది. మార్కాపురంలో జనం రాబోయేదాని కోసం బాధపడ్డారు. ఇంకా పుట్టని సీటును ఊహించుకోగలిగారు. కురిచేడులో అప్పటికే జరిగిపోయినదాన్ని ఊహించుకోవడానికి నిరాకరించారు. ఊహ అన్నది దయకు మొదటి మెట్టు కనుక దీన్ని నేను చిన్న తేడాగా చూడలేను.

మార్కాపురం కోపాన్ని మెచ్చుకుంటూనే ఒక లోపం చెప్పాలి. ఈ కోపం గుర్తుపెట్టుకోదు. 2023 జులైలో అప్పటి ప్రభుత్వం 107, 108 నంబర్ల ఉత్తర్వులతో కొత్త ప్రభుత్వ కళాశాలల్లోనే సగం సీట్లను డబ్బు కట్టేవాళ్లకు పెట్టింది. 35 శాతానికి ఏడాదికి 12 లక్షలు, 15 శాతం ప్రవాస భారతీయుల కోటాకు 20 లక్షలు. అప్పుడు పేదపిల్లల పేరున కంటతడి పెట్టిన గోడలు తెలుగుదేశం వైపువి. ఆ ఉత్తర్వులను రద్దు చేస్తామని ఆ పార్టీ నాయకుడు లోకేశ్ మాటిచ్చారు. అప్పుడు మౌనంగా ఉన్న గోడలు 2025లో ఏడ్చాయి. అప్పుడు ఏడ్చినవి 2025లో లెక్కలు చెప్పాయి. సీటు అమ్మకం మీద బాధ నిజమైతే రెండు సందర్భాల్లోనూ ఒకే ముఖం కనిపించాలి. ఏ పార్టీకీ చెందని తల్లిదండ్రులు కొందరు రెండుసార్లూ అడిగారు. వాళ్ల గొంతు రెండుసార్లూ హోరులో కలిసిపోయింది.

పేరు మీద మనకున్న ఆవేశం ఈ పార్టీల కోపానికి ఇంకో రూపం. 2022 సెప్టెంబరు 21న ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెడుతూ శాసనసభ బిల్లు ఆమోదించినప్పుడు, సినిమా వాళ్ల దగ్గర్నుంచి దూరదేశాల్లోని తెలుగు సంఘాల దాకా అందరూ రాశారు. 2024లో ప్రభుత్వం మారాక పాత పేరు తిరిగొచ్చింది. ఈ మధ్యలో ఏ ఒక్క రోగి మంచం మీదా ఏ మార్పూ రాలేదు.

అయితే ఆవేశమంతా వృథా అనేస్తే నేనే అన్యాయం చేసినవాడినవుతాను. 2021 మే నెలను చూడండి. రెండో ఉధృతిలో ఊపిరాడని రోగులను తీసుకుని హైదరాబాదు బయల్దేరిన అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దుల్లో ఆపారు. ముందుగా ఆసుపత్రిలో పడక ఖాయం చేసుకుని, కంట్రోల్ రూము అనుమతి తెచ్చుకోవాలంటూ మే 11న సర్క్యులర్ వచ్చింది. కర్నూలు దగ్గర పుల్లూరు టోల్‌గేటు పేరు ఆ వారం తెలియని తెలుగు ఇల్లు లేదు. గిద్దలూరు, మార్కాపురం వాళ్లకు పెద్ద జబ్బంటే దోర్నాల మీదుగా శ్రీశైలం దాటి హైదరాబాదు పోవడం అలవాటు కాబట్టి ఆ దెబ్బ ఇక్కడా తగిలింది. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ సర్క్యులర్‌ను నిలిపేసింది.

ఆ నాలుగు రోజుల రాతల్లోనూ తిట్లున్నాయి, ప్రాంతాల పగలున్నాయి, విభజన నాటి పుండ్లు మళ్లీ రేగాయి. కానీ వాటి మధ్యలో ఇంకో రకం రాత పుట్టింది. రోగి వయసు, ఆక్సిజన్ ఎంతుంది, ఎక్కడ ఆపారు, ఏ ఆసుపత్రి చేర్చుకుంటానంది, ఎవరికి ఫోన్ చేయాలి. ఏడుపు బొమ్మ పెట్టడానికి కూడా తీరిక లేని రాత. దానికి జవాబుగా ముక్కూ ముఖం తెలియనివాళ్లు పడక వెతికి పెట్టారు. ఒక తెలుగువాడు ఇంకో తెలుగువాడి కోసం రాసిన మంచి వచనం ఆ ఏడాది ఏదైనా ఉందంటే నా దృష్టిలో అదే. ఉద్వేగం అక్కడ వివరంగా మారింది. వివరం ఉన్న చోట రోగి ఉన్నాడు.

ఈ కొలతతో కురిచేడునూ మార్కాపురాన్నీ మళ్లీ చూస్తే తేడా కన్నా పోలికే ఎక్కువ కలవరపెడుతుంది. కురిచేడు రాతల్లో తాగుబోతు ఉన్నాడు, రోగి లేడు. మార్కాపురం రాతల్లో విద్యార్థి ఉన్నాడు, రోగి లేడు. సీట్ల గురించి లక్ష మాటలు నడిచాయి. పడకల గురించి పదో పరకో.

వైద్య కళాశాల అంటే తరగతి గదులకు ముందు ఆసుపత్రి. జాతీయ వైద్య కమిషన్ 2023 ప్రమాణాల ప్రకారం వంద సీట్ల కళాశాలకు బోధనాసుపత్రిలో కనీసం 420 పడకలుండాలి. 150 సీట్లకు ఆరు వందల పైచిలుకు. అందులో మానసిక వైద్య విభాగం తప్పనిసరి. మద్యం ఆగి చేతులు వణికే మనిషిని చేర్చుకుని, నిద్రపుచ్చి, ఫిట్స్ రాకుండా కాపాడేది ఆ విభాగమే. మిథనాల్ లాంటి విషం ఒంట్లోకి పోతే రక్తాన్ని శుభ్రం చేయడానికి డయాలసిస్ కావాలి, విరుగుడు కావాలి, రాత్రి పన్నెండుకు కూడా డాక్టరు కావాలి. 2020లో కురిచేడుకు దగ్గరి ఆసుపత్రి దర్శిలో ఉంది, అది కాదంటే ఒంగోలు, గుంటూరు. 2025లో మనమంతా ఏడ్చిన రాయవరం భవనంలోనే, 2020లో మనం నవ్విన మనుషులకు కావాల్సిన వార్డు ఉండి తీరాలి. రెండు సంఘటనలనూ కలిపే ఆ ఒక్క వాక్యాన్ని, నేను చదివినంతలో, ఎవరూ రాయలేదు. ఆసుపత్రిని రోగి వైపు నుంచి చూసి ఉంటే పీపీపీ మీద అడగాల్సిన ప్రశ్నలు కూడా పదునుగా ఉండేవి. ఉచిత పడకలెన్ని, వాటిని ఎవరు లెక్కపెడతారు, ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కింద ఆసుపత్రులకు చెల్లింపులు ఆగిపోయిన నెలలో ఆ పడకల మీద ఉన్నవాళ్ల గతేమిటి? 2025 అక్టోబరులో బకాయిలు చెల్లించలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు రాష్ట్రమంతటా ఎన్టీఆర్ వైద్యసేవ కేసులు ఆపేసినప్పుడు ఈ ప్రశ్నకు సగం జవాబు కళ్లముందే ఉంది. అప్పుడు కూడా గోడల మీద భవనాల బొమ్మలే తిరిగాయి.

హఠాత్తుగా వచ్చిన నిర్ణయాలకే మన కోపం ఎందుకు మేల్కొంటుందన్న సంగతీ చెప్పాలి. భారతదేశంలో ఫ్లోరైడ్ ఎముకల జబ్బును మొదట వైద్య పత్రికకెక్కించినది 1937లో, షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ, అప్పటి నెల్లూరు జిల్లాలో. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోవే. ఎనభై ఏళ్లు దాటిపోయాయి. నడుం వంగినవాళ్లు, పళ్లు పచ్చబడ్డ పిల్లలు ఈ ఊళ్లలో ఇంకా ఉన్నారు. నీళ్లు తెస్తుందన్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో రాయి వేశారు. ఎన్నో ప్రభుత్వాలు మారాయి. సొరంగాలు తవ్వడానికే 2024 దాకా పట్టింది. ఈ ఆలస్యం ఏ ఒక్క రోజూ ఉత్తర్వుగా రాలేదు. ఫలానా తేదీ నుంచి మీ నీళ్లు ఆపేస్తున్నాం అని ఎవరూ ప్రకటించలేదు. తేదీ లేనిదానికి ఫోన్లో కోపం పుట్టదు. నడుం మాత్రం వంగుతూనే ఉంటుంది.

రాయవరంలో ఎవరు కట్టినా, ఎవరి పేరు పెట్టినా, అక్కడ మానసిక వైద్య విభాగానికి ఎన్ని పడకలిస్తారు, డయాలసిస్ యంత్రాలు రాత్రిపూట నడుస్తాయా, ఫ్లోరైడ్ బాధితులకు ఎముకల విభాగం వారానికి ఎన్ని రోజులు ఓపీ చూస్తుంది, దొనకొండ నుంచి పొద్దున రైల్లో వచ్చినవాళ్లు సాయంత్రం రైలుకు తిరిగి పోగలరా అన్నవి రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చేదాకా అదే ఫోన్లలో, అదే పట్టుదలతో, పార్టీతో పని లేకుండా రాస్తూ ఉండాలి. కురిచేడులో పోయినవాళ్ల గురించి కూడా ఆ రాతలోనే, మన అన్న మాటతో మొదలుపెట్టి రాయాలి.